మే నెల గుంటూరులో చిట్టెలుక క్రోమోజోములు

ఎం.ఎస్సీ ప్రాజెక్టుకు మా మేడమ్ ఇచ్చిన పని వినడానికి చిన్నదే. చిట్టెలుక లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్) కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టాలి, ఆ కణాల పైపొర మీద థై-1 యాంటీజెన్ (కణాన్ని గుర్తుపట్టించే ఒక ప్రోటీన్) ఉందో లేదో చూడాలి. కణం ఏ రకానిదో యాంటీజెన్ చెబుతుంది, లోపల ఏం మారిందో క్రోమోజోములు చెబుతాయి.

మామూలు చిట్టెలుక కణంలో 40 క్రోమోజోములుంటాయి. మనిషి క్రోమోజోముల్లా ఆకారం చూసి పోల్చుకోవడం కుదరదు. అన్నిటికీ సెంట్రోమియర్ (క్రోమోజోము పోగులను కలిపి ఉంచే నొక్కు) ఒక కొసనే, అగ్గిపుల్లలు ఒలికినట్టు ఉంటాయి. ట్రిప్సిన్ ఎంజైముతో, గీమ్సా రంగుతో చారలు తెప్పిస్తేనే ఏది ఎన్నోదో తెలుస్తుంది.

కోల్చిసిన్‌తో విభజన ఆపడం, పొటాషియం క్లోరైడ్‌లో కణాలను ఉబ్బించడం, మిథనాల్, ఎసిటిక్ యాసిడ్‌లతో ఫిక్స్ చేయడం మామూలుగానే అయిపోయాయి. అసలు తంటా చుక్క స్లయిడ్ మీద పడ్డాకే. క్రోమోజోములు విడివిడిగా పరుచుకోవాలంటే అది మరీ త్వరగా ఆరకూడదు. గుంటూరు మే ఎండకు, పైన తిరిగే ఫ్యానుకు క్షణాల్లో ఆరిపోయి అన్నీ ముద్దయ్యేవి. "పొద్దున్నే రామ్మా, గాలిలో కాస్త తేముంటుంది" అన్నాడు అటెండర్ బాబాయి. ఫ్యాను కట్టేసి, వేడినీళ్ల ఆవిరి దగ్గర స్లయిడ్లు వేస్తే గానీ దారికి రాలేదు. మాన్యువల్ రాసినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని రాసుంటారు!

థై-1ని 1964లో రీఫ్, అలెన్ తీటా పేరుతో వివరించారు. చిట్టెలుకల్లో ఇది టి కణాలకు (ఒక రకం తెల్లరక్తకణాలకు) గుర్తు. మాకు ఇలాంటి కణాలను లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ యంత్రం లేదు కాబట్టి పాత పద్ధతే: యాంటీబాడీ, కుందేలు సీరం నుంచి కాంప్లిమెంట్ (యాంటీబాడీ అతుక్కున్న కణాన్ని చంపే ప్రోటీన్లు), ఆపైన చచ్చిన కణాలకే ఎక్కే ట్రైపాన్ బ్లూ రంగు. యాంటీజెన్ ఉన్న కణం చచ్చి నీలంగా మారుతుంది. కానీ కుందేలు సీరం ఒక్కోసారి యాంటీబాడీ లేకుండానే చిట్టెలుక కణాలను చంపేస్తుంది. అందుకే కాంప్లిమెంట్ మాత్రమే వేసిన కంట్రోల్ ట్యూబు పక్కన లేకపోతే ఆ ఫలితాన్ని నమ్మలేం. పైగా వేడికి కాంప్లిమెంట్ పాడవుతుంది. కరెంటు పోయినప్పుడు అరండల్‌పేటలో జ్యూస్ బండివాళ్ల ఐసే దిక్కు.

యాంటీబాడీ వేసిన ట్యూబులో చాలా కణాలు నీలమయ్యాయి, కంట్రోల్‌లో కొద్దిగానే. అంటే టి కణాలే. క్రోమోజోములు మాత్రం చాలా కణాల్లో 41 వచ్చాయి. చిట్టెలుక టి-ల్యుకేమియాల్లో (టి కణాల రక్తక్యాన్సర్లలో) 15వ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉండటం 1970ల నుంచీ తెలిసిందే. కణాల పెరుగుదలను పురికొల్పే మిక్ (Myc) జన్యువు ఉండేది దాని మీదే. నాకు ఆ అదనపుది 15లాగే కనిపించింది. "14 కాదని ఎలా చెబుతావ్? ఇంకా మంచి స్ప్రెడ్లు తీసుకురా" అన్నారు మేడమ్. మళ్లీ ఫ్యాను కట్టేసుకుని కూర్చున్నాను. చారలు స్పష్టంగా ఉన్న ఫొటోలు చూపించాకే 15 అని రాయనిచ్చారు.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఆ ఫొటోల జోలికే పోలేదు. కంట్రోల్ ట్యూబులో ఎన్ని నీలమయ్యాయని అడిగారు.