మీరు పట్టిన చేపలు కొన్ని తీసుకురండి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మే నెలలో సువార్త చెప్పడానికి గుజరాత్ తీరంలోని వెరావల్ వెళ్ళడానికి సిద్ధపడుతున్న మన యూత్ టీమ్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ మాటలు రాస్తున్నాను. మిగతావాళ్ళు కూడా చదవండి.

మొన్న టీమ్ మీటింగులో నేనూ కూర్చున్నాను. టీషర్టుల రంగు గురించి చాలాసేపు మాట్లాడారు. బ్యానర్ మీద ఎవరి ఫొటోలు వేయాలి, స్పీకర్ బాక్స్ ఎవరు మోయాలి, గుజరాత్ తిండి పడకపోతే ఎన్ని పచ్చడి సీసాలు పట్టుకెళ్ళాలి అన్నది తేల్చుకునేసరికి చీకటి పడింది. వాక్యం చివర్లో పది నిమిషాల్లో అయిపోయింది. నాకు చాలా బాధేసింది. సువార్తకు సిద్ధపడటం అంటే సామాను సర్దుకోవడమేనా?

యోహాను సువార్త 21వ అధ్యాయం మీ అందరికీ తెలిసిందే. చాలామంది 153 చేపల లెక్క దగ్గర ఆగుతారు, లేదా నేరుగా ప్రభువు పేతురును "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగిన చోటికి వెళ్ళిపోతారు. నేను మాత్రం 5వ వచనం దాటి ముందుకు పోలేను. రాత్రంతా వల వేసి ఏమీ దొరకని శిష్యులను ఒడ్డున నిలబడ్డ ప్రభువు అడిగిన మొదటి మాట, తినడానికి మీ దగ్గర ఏమైనా ఉందా అని. అప్పటికి ఆయనెవరో కూడా వాళ్ళకు తెలియదు. ఆకలితో ఉన్న ఎవరో బాటసారి అడిగినట్టే అడిగాడు.

ఆయన చెప్పినవైపు వల వేస్తే వల నిండా చేపలు పడ్డాయి. తర్వాత 9వ వచనం చూడండి. వాళ్ళు ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు రగులుతున్నాయి, వాటి మీద చేపలున్నాయి, రొట్టె ఉంది. అంటే ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి. అయినా 10వ వచనంలో, మీరు ఇప్పుడు పట్టిన చేపల్లో కొన్ని తీసుకురండి అంటాడు. ఎందుకు అడిగాడు? ఆయనకు చేపలు చాలకనా? రాత్రంతా కష్టపడినా ఉత్త చేతులతో మిగిలినవాళ్ళు, ఆ పొద్దున ఊరికే కూర్చుని పెట్టించుకు తినకూడదని. వాళ్ళ చేపలు కూడా ఆ నిప్పుల మీదకు రావాలని. నా ప్రభువు మనసు నాకు ఇక్కడ కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదు. సమరయ స్త్రీని ముందు నీళ్ళడిగాడు. సీమోను దోనె ఎక్కి, ఒడ్డు నుంచి కొంచెం తొయ్యమని అడిగి బోధించాడు. జక్కయ్యతో, ఈ రోజు నీ ఇంట ఉండాలి అన్నాడు. ఎక్కిన గాడిదపిల్ల అరువు తెచ్చుకున్నదే, పస్కా పండుగ భోజనం తిన్న మేడగది కూడా అరువుదే. సర్వాన్ని చేసినవాడు ఎదుటివాళ్ళ చేతి నుంచి తీసుకోవడానికి సిగ్గుపడలేదు.

ఇప్పుడు మీరు ఎవరి దగ్గరకు వెళ్తున్నారో ఆలోచించండి. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ తీరాల నుంచి వలస వెళ్ళిన మనవాళ్ళ దగ్గరకే. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అక్కడ జూన్ 1 దాకా బోట్లు తిరుగుతూనే ఉంటాయి. బోటు రోజుల తరబడి సముద్రంలో ఉండి ఒడ్డుకు వస్తుంది, చేపలు దింపి, ఐసూ డీజిలూ నింపుకుని మళ్ళీ వెళ్ళిపోతుంది. ఆ కాస్త టైములో బోటులో పనిచేసే కలాసీకి నిద్ర కావాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. మన ప్రోగ్రాం షీటులో సాయంత్రం 6 గంటల కూటం అని రాసుకున్నంత మాత్రాన వాళ్ళు వచ్చి కూర్చోవాలా? వాళ్ళు బోటు మీద అన్నం వండుకుంటుంటే పక్కన కూర్చోండి. పెడితే తినండి. మీ పచ్చడి సీసాలు ఇంట్లోనే ఉంచండి.

నా చిన్నప్పుడు పట్నం నుంచి ఒక టీమ్ మా ఊరు వచ్చింది. అమ్మ అప్పు చేసి బియ్యం తెచ్చి, కానాగంత చేపల పులుసు వండింది. వాళ్ళు ప్రార్థన చేసి, మాకు భోజనం వ్యానులో ఉందమ్మా అని వెళ్ళిపోయారు. అమ్మ ఏమీ అనలేదు. పులుసు పక్కింటికి పంపేసింది. ఆ రోజు చెప్పిన వాక్యం మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

లూకా 10లో ప్రభువు డెబ్బైమందిని పంపుతూ సంచి వద్దు, జాలె వద్దు అన్నాడు. వాళ్ళు మీ ముందు పెట్టినవి తినండి అన్నాడు. 22వ అధ్యాయంలో సంచి తీసుకోమన్నాడుగా అని ఒక తమ్ముడు నన్ను అడిగాడు. అన్నాడు, నిజమే. అది ఆయన అప్పగింపబడే రాత్రి మాట. అక్కడ కూడా, సంచి లేకుండా పంపినప్పుడు మీకేమైనా తక్కువైందా అని అడిగాకే ఆ మాట అన్నాడు. ఏమీ తక్కువ కాలేదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ మాట మీ నోటితో మీరు ఎప్పుడు చెప్తారు?

ఇంకో సంగతి. 2018 నవంబరులో అక్కడి బోట్ల మీదున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడ్డారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దాటి రాలేదు. ఆ ఏడాది పైన ఈ తీరంలో ఆడవాళ్ళు ఎలా బతికారో అడిగి తెలుసుకోండి. ఓర్పు గురించి ఆ ఇళ్ళల్లో మనం ప్రసంగం చెయ్యనక్కర్లేదు. వాళ్ళు చెప్తే మనం వినాలి. బోట్లలో గంగమ్మకు మొక్కుకునేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు. వాళ్ళ మొక్కు గురించి ఎగతాళి మాట ఒక్కటి కూడా మీ నోట రాకూడదు. వినడం ఇష్టంలేనివాళ్ళను వదిలెయ్యండి, వాళ్ళ చేతి టీ మాత్రం కాదనకండి.

కాబట్టి ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాటల ప్రాక్టీసు ఆపి, ఇద్దరిద్దరుగా ఆ ఊళ్ళకు వెళ్ళండి. ఎవరి మగవాళ్ళు వెరావల్లో ఉన్నారో వాళ్ళ ఇళ్ళ ముందు కూర్చోండి. అంబలి ఇస్తే తాగండి. ఏ బోటు, దాన్ని నడిపే తండేలు ఎవరు, పిల్లల పేర్లేమిటి, నాన్నకు ఏం చెప్పమంటారు అని అడిగి పుస్తకంలో రాసుకోండి. ఎండుచేపల మూటో, పిల్లవాడి మార్కుల కాగితమో ఇస్తే, మీ టీషర్టులు తీసేసైనా బ్యాగులో దానికి చోటు చెయ్యండి. రోజూ తెల్లవారుజామున ఆ పుస్తకం తెరిచి ఒక్కొక్క పేరూ చదివి ప్రార్థన చెయ్యండి. రైలెక్కాక మొదలుపెడదాంలే అనుకోవద్దు, రేపటి నుంచే మొదలుపెట్టండి.