ఆషాఢంలో పాత సిస్టమ్‌కు కొత్త డిస్కు

విజయనగరం గంటస్తంభానికి నాలుగడుగుల దూరంలో ఉన్న మా డీటీపీ దుకాణంలో, 2012లో విడిభాగాలు కొని బిగింపించుకున్న డెస్క్‌టాప్ ఒకటి నేటికీ పనిచేస్తోంది. పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు వేసే కరపత్రాలు అన్నీ దాని మీదే తయారయ్యాయి. అందులో ఉన్నవి రెండో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 7. అయితే ఏడాదిగా దాని నడక ఎంత మందగించిందంటే, పొద్దున్నే స్విచ్ వేసి, దుకాణం ఊడ్చి, దేవుడి పటం దగ్గర అగరుబత్తి వెలిగించి, ఎదుటి కొట్లో టీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన రెండు రోజులు వరుసగా "ఏటి బాబూ, నీ మిషను ఇంకా లెగనేదా?" అని అడిగేసరికి, ఆషాఢం రాగానే దీని సంగతి తేల్చాలని నిశ్చయించుకున్నాను. ముహూర్తాలు లేని ఆ నెలలో తప్ప మా వృత్తిలో యంత్రాన్ని విప్పి బల్ల మీద పెట్టుకునే తీరిక దొరకదు.

కొత్త సిస్టమ్ కొనమని సలహా ఇచ్చినవాళ్లే ఎక్కువ. కానీ టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుని ఉండేది, క్యాబినెట్ ముందున్న ఎర్ర దీపం మాత్రం ఆరకుండా వెలుగుతుండేది. ఆ దీపం హార్డ్ డిస్కుది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తి చేయడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, కావలసిన చోటు చదివే ముల్లు కిందకు రావడానికి సగటున అందులో సగం, ముల్లు ఒక వరుస నుంచి మరో వరుసకు జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు పోతాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను ఏరుకోవలసి వస్తే, హార్డ్ డిస్కు సెకనుకు డెబ్భై ఎనభై ముక్కలకు మించి అందించలేదు. సమాచారాన్ని చిప్పుల్లో దాచుకునే, తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు అదే పనిని వేల సార్లు చేస్తుంది.

మా పని సరిగ్గా ఈ చిన్న ముక్కల పనే. పేజ్‌మేకర్ తెరిచినప్పుడల్లా అది వందల కొద్దీ తెలుగు ఫాంట్లను ఒక్కొక్కటిగా పలకరించి వస్తుంది. పక్కనే కోరల్‌డ్రా కూడా తెరిస్తే ఉన్న కాస్త ర్యామ్ నిండిపోయి, విండోస్ తన బరువును డిస్కు మీదకు దించుతుంది. కాబట్టి మా కంప్యూటర్ ముసలిది కావడం కన్నా, దాని డిస్కు నెమ్మది కావడమే అసలు రోగమని నాకు అర్థమైంది.

ఎస్‌ఎస్‌డీ కొందామని వెళ్తే, విడిభాగాల దుకాణంలో అబ్బాయి ముందుగా చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా ఉండి నేరుగా బోర్డులోకి దూరే ఎన్‌వీఎంఈ రకం చూపించాడు. నా బోర్డు మీద దానికి చోటే లేదు, కాబట్టి పాత హార్డ్ డిస్కులాగే తీగతో బోర్డుకు తగిలించే రెండున్నర అంగుళాల సాటా రకమే అడిగి తీసుకున్నాను. హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్నవన్నీ సాటా రెండో తరం పోర్టులే. వాటిలోంచి సెకనుకు 300 ఎంబీకి మించి ప్రవహించదు, నేటి సాటా ఎస్‌ఎస్‌డీ 550 వరకు ఇవ్వగలదు. డబ్బులో సగం వృథా కాదా అని ఒక మిత్రుడు అన్నాడు గానీ, మనల్ని ఏడిపించేది ప్రవాహ వేగం కాదు, ముక్క ముక్కకూ కాచుకునే సమయం. అది పాత పోర్టులోనూ అంతే తగ్గుతుంది.

పరిమాణం దగ్గర మాత్రం కొంచెంలో తప్పించుకున్నాను. చవకగా వస్తుందని 480 జీబీది దాదాపు కొనేశాను. నా పాత డిస్కు 500 జీబీది, అందులో నిండినది 200 మాత్రమే అయినా, డిస్కు మొత్తానికి నకలు తీసే క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు పద్ధతిలో మూలం కన్నా చిన్న డిస్కు మీదకు ఎక్కించనంటుంది. డిస్కును విభజించిన భాగాలను, అంటే పార్టిషన్లను కుదించి దారి చేసుకోవచ్చు కానీ, శుభలేఖల నమూనాలున్న డిస్కు మీద ఆ కోతలు కోయడానికి నాకు ధైర్యం చాలలేదు. కొంచెం ఎక్కువ పెట్టి 512 జీబీది తెచ్చుకున్నాను.

విండోస్ కొత్తగా వేసుకోవడమే శుభ్రమైన మార్గమని నేనూ ఒప్పుకుంటాను. కానీ నా తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ సీడీ ఏనాడో పోయింది. పన్నెండేళ్లకు పైగా అమర్చుకున్న ఫాంట్లు, మీటల అలవాట్లు, ప్రింటర్ అమరికలు మళ్లీ ఒక్క వారంలో తిరిగిరావు. విండోస్ 7కు భద్రతా నవీకరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కాబట్టి ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీగే పెట్టను. పూర్తయిన పేజీ పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవ్‌లో పక్క సిస్టమ్‌కు వెళ్తుంది.

క్యాబినెట్ పక్క రేకు తీయగానే ఫ్యాను రెక్కల మీద మెత్తని బూడిదరంగు దూది, ఒక మూలన రెండు బల్లి గుడ్ల పెంకులు కనిపించాయి. వాటిని కుంచెతో దులిపి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా చెయ్యి ఒకసారి రేకుకు తాకించి, ర్యామ్ కడ్డీలు తీసి వాటి బంగారు పళ్లను పిల్లల రబ్బరుతో తుడిచాను. సముద్రపు గాలి అంతో ఇంతో తగిలే మా ప్రాంతంలో ఈ తుడుపు ఏడాదికోసారి తప్పదు. ఎస్‌ఎస్‌డీని మూడున్నర అంగుళాల గూటిలో నిలబెట్టడానికి ఒక ఇనుప పట్టీ కొన్నాను. పాత హార్డ్ డిస్కు మరలు ఎస్‌ఎస్‌డీకి సరిపోతాయనుకుని తిప్పితే మొదటి చుట్టులోనే బిగుసుకుంది. వాటి గాడి మోటుది, దీని గాడి సన్నది. ఇంకో పట్టు పట్టి ఉంటే ఎస్‌ఎస్‌డీ పెట్టె గాడి అరిగిపోయేది. పట్టీతో వచ్చిన పొట్టి మరలే దానికి సరైనవి.

నకలు తీయడానికి ముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించాను, ఎందుకంటే ఎండాకాలం దాటినా మా వీధిలో కరెంటు ఎప్పుడు కన్నుమూస్తుందో చెప్పలేము. క్లోన్‌జిల్లాలో ఏది మూలం, ఏది గమ్యం అన్నది మూడుసార్లు చదువుకున్నాను. అక్కడ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. సీ డ్రైవ్ ఒక్కటే కాకుండా మొత్తం డిస్కును ఎంచుకోవడం అవసరం. విండోస్ 7 ఎవరికీ కనిపించకుండా దాచుకునే 100 ఎంబీ పార్టిషన్‌లోనే మేల్కొలుపు మంత్రం ఉంటుంది. గంటన్నరలో పని ముగిసింది.

మొదటిసారి స్విచ్ వేసే ముందు పాత డిస్కు తీగలు పీకేశాను. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉండడంతో, కలిపి ఉంచితే విండోస్ తికమక పడుతుంది. యంత్రం హాయిగా లేచింది. అంతటితో ఊరుకోక, విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్ బయాస్‌లో, డిస్కుతో మాట్లాడే సాటా పద్ధతిని పాతదైన ఐడీఈ నుంచి కొత్తదైన ఏహెచ్‌సీఐకి మార్చాను, వెంటనే నీలి తెర, చివర 7బి అనే సంకేతం. గుండె జారింది గానీ కారణం చిన్నదే: మొదట ఐడీఈలో వేసిన విండోస్ 7, ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను నిద్రపుచ్చి ఉంచుతుంది. మళ్లీ ఐడీఈకి మార్చి లోపలికి వెళ్లి, విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలో ఆ డ్రైవర్ ఎదురుగా ఉన్న స్టార్ట్ విలువను 0 చేసి, ఆ తర్వాత బయాస్ మారిస్తే మారుమాట లేకుండా లేచింది. డిస్కును సర్దే డీఫ్రాగ్ వారపు పనిని ఆపేశాను, ఎస్‌ఎస్‌డీకి దానివల్ల అరుగుదలే తప్ప లాభం లేదు.

నాలుగు నిమిషాలు పట్టే లేవడం ఇప్పుడు అర నిమిషంలోపే. పేజ్‌మేకర్ నొక్కి కుర్చీ ముందుకు జరుపుకునేలోగా తెరుచుకుంటుంది. పెద్ద బొమ్మలున్న ఫ్లెక్సీ ఫైలుకు ప్రాసెసర్ ఇప్పటికీ ఆయాసపడుతుంది, దానికి ఈ మందు లేదు. పాత డిస్కును ఆ స్థితిలోనే కవరులో చుట్టి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టాను.

శ్రావణం మొదటి వారంలో ఒక పెళ్లివారికి ఇచ్చిన బిల్లు మీద 2011 నాటి తేదీ పడింది. రాత్రి మెయిన్ ఆపి వెళ్లడం నా అలవాటు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, బయాస్ తన పాత అమరికలకు వెళ్లిపోయింది. పొద్దున తెర ఏదో అడిగితే మా కుర్రాడు చదవకుండా మీట నొక్కేశాడట. లోపలికి వెళ్లి చూస్తే సాటా పద్ధతి మళ్లీ ఐడీఈకి వచ్చి కూర్చుంది, రెండు డ్రైవర్లూ మేల్కొనే ఉన్నాయి కాబట్టి విండోస్ ఏ ఫిర్యాదూ లేకుండా లేచింది. కొత్త బిళ్ల వేసి, తేదీ సరిచేసి, ఏహెచ్‌సీఐ తిరిగి పెట్టి, ఆ బిల్లును సరైన తేదీతో మళ్లీ ప్రింటు తీసి పెళ్లివారింటికి పంపాను.