మెదక్ చర్చికి కారా, బస్సా?

క్రిస్మస్‌కి మెదక్ చర్చి అనుకోగానే ఇంట్లో గొడవ మొదలైంది, కారా బస్సా అని. హైదరాబాద్ బాలానగర్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా దారి హాయిగానే ఉంటుంది, వంద కిలోమీటర్లు పెద్ద లెక్కేం కాదు, కానీ పండగ రోజు జనం అంతా ఇంతా కాదు, బండి ఎక్కడో దూరంగా పెట్టి నడవాలంటే నాన్న మోకాళ్లు ఒప్పుకోవాలిగా! సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో బస్సెక్కినా ఆ నడక తప్పదు. '1924 నుంచి ఉన్న చర్చి, ఇంకో వారం ఆగితే ఎక్కడికీ పోదు' అని అమ్మ తేల్చేసింది. మామూలు రోజు వెళ్లాం, నాన్నని గేటు దగ్గరే దింపి కారు తీరిగ్గా పెట్టుకున్నాం. వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, ఆ రంగు అద్దాల కిటికీలు బయట వెలుతురు ఉంటేనే కనిపిస్తాయి. ఆదివారం మాత్రం వద్దు.