అబిడ్స్‌లో యుద్ధకాలపు కార్టూన్ల వేట

ఆదివారం పొద్దున్నే నాంపల్లిలో మెట్రో దిగి అబిడ్స్‌కి నడిచాను. మూసిన షాపుల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరిచే రోజది. ఎండ ముదరకముందే వెళ్లాలి, లేకపోతే గ్లేజు కాగితం మెరిసి సన్న గీతలు కనబడవు. పది రెట్లు చూపే భూతద్దం, పెన్సిలు, రెండు అట్టముక్కలు వెంట ఉంటే చాలు.

నేను వెతికినవి, యుద్ధం నడుస్తుండగా ‘మనకెందుకొచ్చిన గొడవ’, ‘ఇక గెలవలేం, రాజీ పడదాం’ అన్నవాళ్ల మీద వేసిన కార్టూన్లు. ఒక అమెరికా చరిత్ర పుస్తకంలో, అక్కడి అంతర్యుద్ధకాలంలో కార్టూనిస్టు థామస్ నాస్ట్ గీసిన ‘దక్షిణాదితో రాజీ’ దొరికింది. హార్పర్స్ వీక్లీ అనే వారపత్రిక 1864 సెప్టెంబరు 3 సంచికలోది. కాలు పోయిన ఉత్తరాది సైనికుడు తల వంచి చెయ్యి చాపాడు. దక్షిణాది వాడు సమాధి మీద కాలు మోపి ఆ చెయ్యి అందుకున్నాడు. పక్కనే కొలంబియా, అంటే స్త్రీ రూపంలో గీసిన అమెరికా, ఏడుస్తోంది. శాంతి తీర్మానం చేసిన డెమోక్రాట్ల చికాగో సభకే బొమ్మ అంకితం. ఇంత కోపం, ఇంత దుఃఖం ఒకే పేజీలో పట్టించినవాళ్లు అరుదు.

భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది హాఫ్‌టోన్, అంటే బొమ్మని చుక్కలుగా విడగొట్టి వేసిన పునర్ముద్రణ, అసలు చెక్కడపు అచ్చు కాదు. అప్పట్లో పెద్ద బొమ్మకి చిన్న చిన్న బాక్స్‌వుడ్ (ఒక గట్టి కలప) దిమ్మెలు బోల్టులతో బిగించి, తలా ఒక ముక్క చెక్కేవాళ్లు. అతుకు సరిగ్గా కూడని చోట సన్నని తెల్లగీత పడుతుంది. దాన్ని అచ్చు లోపమనుకుని పక్కన పెట్టకండి.

పుస్తకంలోంచి చింపి విడిగా అమ్మే పేజీలకి తేదీ ఉండదు. వెనక్కి తిప్పి, అక్కడి వార్తని బట్టి తేదీ కట్టాలి. ఎందుకంత పట్టుదలంటే, పిల్లల పుస్తకాలతో పేరుపొందిన డాక్టర్ స్యూస్, న్యూయార్క్ దినపత్రిక ‘పీఎం’కి 1941-43లో 400కి పైగా వేసిన బొమ్మలు చూడండి. 1941 ఏప్రిల్‌లో అమెరికన్లు వరసగా నిలబడి ఉష్ట్రపక్షి టోపీలు పెట్టించుకుంటారు; ఇసుకలో తల దూర్చే ఆ పక్షి, యుద్ధం మనకెందుకన్నవాళ్లకి గుర్తు. పెర్ల్ హార్బర్ మర్నాడు, డిసెంబరు 8న, ఆ పక్షే పేలుడుకి ఎగిరిపోతుంది. తేదీలు చెరిపేస్తే రెండూ వట్టి పక్షి బొమ్మలు.

ఇక 1942 ఫిబ్రవరి 13 నాటిది చూస్తే మనసు విరుగుతుంది. పశ్చిమ తీరంలోని జపనీస్ అమెరికన్లు పేలుడు పదార్థాల కోసం బారులు తీరినట్టు గీశాడు. ఆరో రోజున, 19న, వాళ్లని ఇళ్లలోంచి తరలించడానికి దారి తీసిన ఉత్తర్వు వచ్చింది. తటస్థుల్ని నిలదీసిన చేతులే ఇరుగుపొరుగుని ద్రోహులన్నాయి. అలీన విధానాన్ని గౌరవంగా తలుచుకునే మన దేశంలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కొన్న పేజీని మడవొద్దు. పాత న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం వల్ల మడత దగ్గరే విరుగుతుంది. అట్టల మధ్య పరిచి, తేదీ పెన్సిలుతో వెనక అంచున రాయండి.