చోరీ సొత్తు వెంట నడుస్తూ చట్టం చదివాను: జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష ప్రిపరేషన్ అనుభవం

జూనియర్ సివిల్ జడ్జి రాతపరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. క్రిమినల్ లా పేపర్‌లో ఆస్తి నేరాల అధ్యాయాన్ని చాలామంది శిక్షల పట్టికలా బట్టీ పడుతున్నారు. ప్రశ్న మాత్రం ఒక వస్తువు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళ్లిన వైనం చెప్పి, ఎవరి మీద ఏ నేరం నిలుస్తుందో తేల్చమంటుంది. అందుకని నేను దొంగ వెంట కాకుండా సొత్తు వెంట వెళ్లాను. ఒక బంగారు గొలుసును ఊహించుకుని, అది మెడలో ఉన్నప్పటి నుంచి కోర్టు నుంచి తిరిగి ఇంటికి చేరేవరకు దారిలో తగిలే ప్రతి సెక్షన్‌నూ ఆ గొలుసుకే ముడిపెట్టి నోట్స్ రాసుకున్నాను.

మొదటి మజిలీ, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోరీని నిర్వచించే సెక్షన్ 303. ఇక్కడ చూడవలసింది యాజమాన్యం కాదు, ఆధీనం. రిపేరుకిచ్చిన గడియారం డబ్బు చెల్లించలేదని దుకాణదారు హక్కుగా అట్టిపెట్టుకున్నప్పుడు, యజమాని దాన్ని దురుద్దేశంతో ఎత్తుకుపోతే తన గడియారాన్నే తాను దొంగిలించినట్టవుతుందని ఆ సెక్షన్ కింది ఉదాహరణలే చెబుతాయి. శాశ్వతంగా తీసుకోవాలన్న ఉద్దేశం కూడా అక్కర్లేదు. జోధ్‌పూర్‌లో శిక్షణ పొందుతున్న వైమానిక దళ క్యాడెట్లు అనుమతి లేకుండా విమానం తీసుకుపోయి పాకిస్తాన్‌లో దిగిన కె.ఎన్. మెహ్రా కేసులో 1957లోనూ, ఆఫీసు ఫైలును ఇంటికి పట్టుకెళ్లి మర్నాడు తిరిగి తెచ్చిన ప్యారేలాల్ భార్గవ కేసులో 1962లోనూ సుప్రీంకోర్టు తాత్కాలికంగా తీసుకున్నా చోరీయేనని తేల్చింది. ఈ రెండు కేసుల వాస్తవాలను మీ మాటల్లో నాలుగేసి వాక్యాలు రాయగలిగేంతగా చదవండి. పేర్లు మాత్రమే గుర్తుంటే జవాబుకు బలం రాదు.

చోరీ చరాస్తికే వర్తిస్తుంది కనుక భూమికి అతుక్కుని ఉన్నది వేరుపడినప్పుడే నేరానికి వస్తువవుతుంది. అయితే నరికి వేరుచేసే పనిలోనే కదలిక ఉంటే ఆ పనే చోరీ కావచ్చు. శేషాచలంలో ఎర్రచందనం చెట్టు దుంగగా మారే సందర్భాన్ని ఈ వివరణ పక్కన రాసుకుంటే ఇక మరచిపోవడం ఉండదు. అటవీ చట్టం, ఖనిజాల చట్టం వంటి ప్రత్యేక చట్టాలున్నా చోరీ అభియోగం కూడా మోపవచ్చా అన్న ప్రశ్నకు, ఇసుక తవ్వకాల విషయంలో 2014 నాటి సంజయ్ కేసులో సుప్రీంకోర్టు మోపవచ్చని చెప్పింది.

గొలుసును హఠాత్తుగా లాగేస్తే అది సెక్షన్ 304, అంటే స్నాచింగ్. పాత శిక్షాస్మృతిలో దీనికి విడిగా సెక్షన్ లేదు. ఇందులో 3 ఏళ్ల వరకు జైలుతో పాటు జరిమానా కూడా తప్పనిసరి. మామూలు చోరీలో జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. లాగడానికని కావాలనే గొలుసు వేసుకున్న మనిషిని గాయపరిస్తే సెక్షన్ 309 కింద దోపిడీకి వెళతాం. ఇల్లు, రవాణా వాహనం, ఆలయంలోని విగ్రహం, ప్రభుత్వ ఆస్తి, ఇవన్నీ సెక్షన్ 305లో ఉన్నాయి, 7 ఏళ్ల వరకు శిక్ష. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.

ఆగవలసిన చోటు 5,000 రూపాయల పరిమితి. దొంగిలించిన వస్తువు విలువ అంతకు తక్కువై, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సామాజిక సేవ శిక్షగా పడుతుంది. అంతకంటే ముఖ్యమైనది క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూల్లో ఉంది: ఆ విలువ లోపు చోరీ నాన్-కాగ్నిజబుల్, బెయిలబుల్. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. పాత సైకిలో, చవక ఫోనో పోగొట్టుకున్న కూలీకి అది 5,000 లోపు సొత్తే అయినా బతుకుతెరువు కావచ్చు. ఈ గీత న్యాయంగా ఉందా అని అడిగితే నా అభిప్రాయం లేదనే. వ్యాసరూప ప్రశ్న వస్తే ఈ విమర్శను కారణంతో సహా రాయడానికి వెనకాడకండి.

ఇప్పుడు గొలుసు బంగారు దుకాణానికి చేరింది. నా దృష్టిలో అధ్యాయానికి గుండెకాయ ఇదే, ఎందుకంటే కొనేవాడు లేకపోతే చాలా దొంగతనాలకు అర్థమే ఉండదు. సెక్షన్ 317 ప్రకారం చోరీ, బలవంతపు వసూలు, దోపిడీ, మోసం ద్వారా చేతులు మారినది, నేరపూరితంగా దుర్వినియోగమైనది, నమ్మకద్రోహానికి గురైనది చోరీ సొత్తు. ఇందులో మోసం కొత్తగా చేరింది. ఇది గమనించని జవాబులు చాలా ఉంటాయి. ఆ సొత్తు హక్కుదారు ఆధీనంలోకి తిరిగి వచ్చిన క్షణంలో చోరీ సొత్తు కాకుండా పోతుంది. కనుక యజమాని దాన్ని చేజిక్కించుకున్న తరువాత ఎరగా మళ్లీ పంపితే, కొన్న వర్తకుడి మీద ఈ నేరం నిలవడం కష్టం.

దుకాణదారుకు శిక్ష పడాలంటే అది దొంగసొత్తని అతనికి తెలిసి ఉండాలి లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండాలి. త్రింబక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మూడు అంశాలు, అంటే వస్తువు నిందితుడి దగ్గర దొరకడం, అంతకుముందు అది వేరొకరి ఆధీనంలో ఉండడం, చోరీ సొత్తని నిందితుడికి తెలియడం, విడివిడిగా రుజువు కావాలి. వీటిలో మూడోదే ఎప్పుడూ తగాదా. క్రిమినల్ కేసులు చూసే సీనియర్ దగ్గర పనిచేస్తూ పంచనామాలు చదివినప్పుడు నేను వెతికింది ఆ మూడో అంశానికి ఆధారాలే: రసీదు రాశాడా, అర్ధరాత్రి షట్టరు సగం ఎత్తి కొన్నాడా, మార్కెట్ ధరలో ఎంత ఇచ్చాడు, అప్పటికప్పుడు కరిగించేశాడా. కరిగించి ఆనవాలు లేకుండా చేయడంలో సాయపడినవాడికి 317లోనే ఐదో ఉపసెక్షన్ ఉంది. అలవాటుగా కొనేవాడికి నాలుగో ఉపసెక్షన్ కింద యావజ్జీవం వరకు పడవచ్చు. ఒక్కసారి కొన్నవాడికి 3 ఏళ్ల వరకే. ఆ తేడాలో చట్టం దొంగసొత్తు వ్యాపారాన్ని ఎంత తీవ్రంగా చూస్తుందో కనిపిస్తుంది.

సాక్ష్యం వైపు, కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియం సెక్షన్ 119ని 317తో కలిపే చదవండి. చోరీ జరిగిన కొద్దికాలానికే సొత్తు దగ్గర ఉండి, ఎలా వచ్చిందో చెప్పలేనివాడు దొంగో, తెలిసి తీసుకున్నవాడో అని కోర్టు భావించవచ్చు. భావించి తీరాలని లేదు. అదే సెక్షన్ కింద ఇంకో ఉదాహరణ ఉంది: రోజంతా చేతులు మారే డబ్బుతో వ్యాపారం చేసే దుకాణదారు గల్లాపెట్టెలో గుర్తుపెట్టిన రూపాయి దొరికితే, అతను దాని సంగతి ప్రత్యేకంగా చెప్పలేకపోయినంత మాత్రాన ఆ ఊహ నిలుస్తుందా అని అది ఆలోచించమంటుంది. దీన్ని బంగారు వర్తకుడికి వర్తింపజేసి రాస్తే జవాబుకు నిండుదనం వస్తుంది. ఇక నిందితుడు చూపించగా గొలుసు దొరికితే, మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన 1946 నాటి పులుకూరి కోటయ్య కేసు తప్పదు. వాంగ్మూలం మొత్తం కాకుండా, వస్తువు బయటపడడానికి దారితీసిన భాగం మాత్రమే చెల్లుతుంది. ఇప్పుడది సాక్ష్య అధినియం సెక్షన్ 23లో ఉంది.

దొంగో, కొన్నవాడో తేలనప్పుడు నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 244 కింద ప్రత్యామ్నాయ అభియోగాలు మోపవచ్చు. ఇద్దరినీ కలిపి విచారించడానికి 246 ఉంది. కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి అందులో చోరీకి, చోరీ సొత్తు తీసుకోవడానికి ఉన్న 379, 411 సెక్షన్లను మీ నోట్స్ నుంచి కొట్టేయకండి.

చివరి మజిలీని ఎక్కువమంది వదిలేస్తున్నారు. స్టేషన్ ఆవరణల్లో తుప్పుపట్టే వాహనాలను చూసినప్పుడల్లా నాకు 2002 నాటి సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ తీర్పు గుర్తొస్తుంది. ఫోటోలు, వివరమైన పంచనామా, తగిన పూచీకత్తు తీసుకుని సొత్తును త్వరగా అప్పగించాలని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది. విచారణ సాగుతుండగా మధ్యంతర అప్పగింత నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 497, విచారణ ముగిశాక 498. తెలియక కొన్న అమాయకుడి సంగతి 499లో ఉంది: చోరీ నేరానికో చోరీ సొత్తు తీసుకున్న నేరానికో శిక్ష పడినవాడి నుంచి, అది దొంగసొత్తని తెలియకుండా అతను కొని ఉండాలి, శిక్ష పడినవాడి దగ్గర అరెస్టు సమయంలో డబ్బు దొరికి ఉండాలి, సొత్తు హక్కుదారుకు తిరిగి చేరాలి. అప్పుడు కొన్నవాడు చెల్లించిన ధరకు మించకుండా ఆ డబ్బు నుంచి ఇప్పించమని కోర్టు ఆదేశించవచ్చు.