ఎమ్మెస్ ఉంటే బరువులెత్తొచ్చా? ఎత్తాలి, కాకపోతే చల్లగా

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, మెదడు, వెన్నుపాముల్లో నరాల మీదుండే మైలిన్ అనే పొర దెబ్బతినే జబ్బు) అని తెలిసిన దగ్గర్నుంచి ఇంటికొచ్చినోళ్లంతా ఒకటే మాట, రెస్ట్ తీసుకోమ్మా అని. అమ్మయితే నా చేతిలో డంబెల్ చూస్తే చాలు "ఏటే నీకీ పన్లు, ఒంట్లో బాగోనిదానివి" అంటది. ఒకప్పుడు డాక్టర్లే వ్యాయామం వద్దనేవాళ్లు మరి. ఇప్పుడలా కాదు, 2013లో కెనడాలో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ఇబ్బంది మరీ ఎక్కువ లేనివాళ్లు వారానికి రెండుసార్లు స్ట్రెంత్ ట్రైనింగ్ చెయ్యాలనే ఉంది, ఒక్కో సెట్‌కి 10 నుంచి 15 సార్లు.

బరువులెత్తితే పోయిన మైలిన్ తిరిగి రాదు. కానీ కాలు నీరసపడటంలో కొంత నరం వల్లయితే కొంత వాడక కండ తగ్గిపోవడం వల్ల, ఈ రెండోది మాత్రం మన చేతిలో ఉంది.

వైజాగ్‌లో అసలు గొడవ ఉక్కపోతతోనే. ఆర్కే బీచ్‌కి వాకింగ్‌కి రమ్మంటారు అందరూ, అక్కడ చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరంలో సిగ్నల్ ఇంకా తడబడుతుంది, చూపు మసకేసి కాలు ఈడుస్తుంది. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ రాసిపెట్టాడు దీని గురించి. చల్లబడితే తగ్గిపోతుంది, కొత్తగా నరం పాడైనట్టు కాదు, దయచేసి ఇది చూసి భయపడి మానెయ్యకండి. చల్లబడ్డాక కూడా తగ్గకుండా రోజు దాటితే మాత్రం ఆపేసి న్యూరాలజిస్ట్‌కి చెప్పాలి.

అందుకే నాకు నడక కన్నా బరువులే నయం, మధ్యలో ఆగొచ్చు. తెల్లారకముందే ఫ్యాన్ కింద, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చుంటా, మెడ మీద ఫ్రిజ్‌లో పెట్టిన తడి తువ్వాలు. కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మొదటిది. నా ఎడమ పాదం వేళ్లు నేలకి రాసుకుని చెప్పు జారిపోతుంటుంది, దానికోసం కిటికీ గ్రిల్‌కి ఎలాస్టిక్ బ్యాండ్ కట్టి రెండో కొస పాదానికి తగిలించి, మడమ కదలకుండా వేళ్లని నా వైపుకి లాక్కుంటా, చూడ్డానికి ఏమీ లేదు గానీ పదోసారికి పిక్క ముందువైపు మండిపోతుంది. పదిహేనుసార్లు తేలిగ్గా అయిపోతున్నాయంటేనే బ్యాండ్ మార్చమన్నారు మా ఫిజియో.

జిమ్‌కి వెళ్దామనుకునేవాళ్లు ముందు ఏసీ ఉందో లేదో కనుక్కోండి, మెషీన్ పక్కన పట్టుకోడానికేమైనా ఉందా చూసుకోండి, ట్రైనర్‌కి ఎమ్మెస్ అని మొదటిరోజే చెప్పెయ్యండి, ఇక ఎత్తలేను అనేదాకా ఎత్తించొద్దని కూడా.