ఉక్కలో బెల్జియన్ ఏల్: ముందు థర్మామీటరు, తర్వాతే మార్కులు

మన శ్రీకాకుళం ఉక్కపోతలో 9 శాతం ఆల్కహాల్ ఉన్న బెల్జియన్ ఏల్ (ఒక రకం బీరు) తాగి "స్పిరిట్ వాసనొస్తోంది" అని మొహం చిట్లించేవాళ్లున్నారు. అదే సీసా ఫ్రీజర్‌లోంచి తీసి తాగి "దీనికా ఇంత డబ్బు, ఏ రుచీ లేదు" అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి నాలుకా అబద్ధం చెప్పలేదు. సీసా ఎంత చల్లగా ఉందన్న దగ్గరే తేడా అంతా.

ట్రిపెల్ అంటే లేత రంగు, ఎక్కువ బలం ఉన్న బెల్జియన్ ఏల్ రకం. వెస్ట్‌మాల్ ట్రిపెల్ 9.5 శాతం, డ్యూవెల్ 8.5 శాతం. ఇలాంటి లేత రంగు ఏల్స్‌కి 7 నుంచి 10 డిగ్రీలు బాగుంటుంది. షిమే బ్లూ, రోష్‌ఫోర్ 10 లాంటి ముదురు రంగువాటికి 10 నుంచి 13. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, మే నెలలో గది 34 దాటుతుంది. కాబట్టి గ్లాసు ఒక్కసారే నింపొద్దు. 100 మిల్లీలీటర్లు పోసుకుని, మూత బిగించిన సీసాని మళ్లీ ఫ్రిజ్‌లో నిలబెట్టండి. ఆ కొద్దిపాటి బీరు నిమిషాల్లోనే వేడెక్కుతుంది. 7 దగ్గర ఒక గుక్క, 10 దగ్గర ఒకటి, 13 దగ్గర ఒకటి. వంటకు వాడే పుల్ల థర్మామీటరు చాలు. చేత్తో పట్టుకుని అంచనా వేస్తే మన తేమకి గ్లాసు చెమర్చి మోసం చేస్తుంది. రంగు చూసేముందు కూడా బయట గుడ్డతో తుడిచి, వెనక తెల్లకాగితం పెట్టండి.

స్టీలు గ్లాసు పనికిరాదు. పైన సన్నబడే ట్యులిప్ గ్లాసు లేకపోతే వైన్ గ్లాసు సరిపోతుంది. లోపల బుడగలు గోడకి అతుక్కుని ఉంటే నూనె జిడ్డు ఇంకా పోలేదని అర్థం. నురగ నిలవదు, ఆ తప్పు బీరు మీదకి వెళ్తుంది. వంటసోడాతో రుద్ది కడిగి, తుడవకుండా బోర్లించండి. మంచు కట్టిన మగ్గులో పోయడం మాత్రం బీరుకీ డబ్బుకీ అన్యాయం.

ఈ ఏల్స్‌లో చాలావాటికి రెండో పులియబెట్టడం సీసాలోనే జరుగుతుంది, అడుగున యీస్ట్ ఉంటుంది. విశాఖ నుంచి బస్సులో కుదుపులు తిని వచ్చిన సీసాని అదే రాత్రి తెరిస్తే పొంగి బల్ల తడుపుతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలబెట్టి ఉంచండి, పడుకోబెట్టొద్దు. పోసేటప్పుడు గ్లాసు వంచి, అడుగున వేలు మందం వదిలేయండి. ఆ మడ్డిని చివర్లో విడిగా రుచి చూడొచ్చు, మొదటి గుక్కలో కలిపితే వాసనలు మసకబారతాయి.

ట్రిపెల్‌లో మిగలపండిన అరటిపండు, లవంగం వాసనలు రావాలి. రెండూ యీస్ట్ చేసే పనే, అందులో అరటిపండూ లవంగమూ ఏమీ వేయరు. అదే లవంగం వాసన మనకి మామూలుగా దొరికే లాగర్ బీరులో వస్తే దోషం. ముదురు ఏల్స్‌లో ఖర్జూరం, ఎండుద్రాక్ష, కొంచెం తాటిబెల్లం పాకం. ఇంత బలం ఉండి కూడా గొంతులో బరువుగా లేకపోవడానికి కారణం చక్కెర. మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) పాటు వేసే ఆ చక్కెర దాదాపు పూర్తిగా ఆల్కహాల్‌గా మారిపోతుంది, తీపి మిగలదు. తాగాక నాలుక జిగురుగా ఉంటే అది మంచి ట్రిపెల్ కాదనే రాసుకోండి.

పాడైన సీసా వేరే సంగతి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి ముసలైంది, ఎండలో గోదాములో ఉన్న సీసాలకి ఇది మామూలే. ఉడికిన మొక్కజొన్నపొత్తు వాసన, వెన్న వాసన తయారీలో లోపాలు. గోళ్లరంగు వాసన గట్టిగా కొడితే పులిసేటప్పుడు వేడి ఎక్కువైందని అనుమానించాలి. స్కంక్ అనే జంతువు వదిలే వాసనలాంటి దుర్గంధం ఎండ పని. బీరులో చేదు కోసం వేసే హాప్స్ పూల చేదు మీద వెలుతురు పడితే పుడుతుంది, ఆకుపచ్చ సీసాకి ముప్పు ఎక్కువ. ఓర్వాల్ అనే బెల్జియన్ ఏల్‌లో తోలు, గుర్రపుశాల వాసన వస్తే కంగారు పడొద్దు, బ్రెట్ అనే యీస్ట్‌ని కావాలనే వేస్తారు.

వరుస ముఖ్యం. ధనియాలు, నారింజ తొక్క వేసిన తేలికపాటి గోధుమ బీరు విట్‌బీరు ముందు, తర్వాత ముదురు రంగు డబ్బెల్, ఆపైన ట్రిపెల్, చివరికి అన్నిటికంటే బలమైన ముదురు ఏల్ క్వాడ్రుపెల్. మధ్యలో మంచినీళ్లు, ఉప్పు వేయని మూరీలు. ఆవపెట్టిన కూర, మిరపకాయ బజ్జీ ఆ పూటకి పక్కన పెట్టండి. కారం నాలుకని మండించి ఆల్కహాల్ మంటని రెట్టింపు చేస్తుంది. రుచి చూడటం అయ్యాక మాత్రం కారం లేకుండా దోరగా వేయించిన పలాస జీడిపప్పు ముదురు ఏల్‌కి భలే తోడు.

330 మిల్లీలీటర్ల 9 శాతం సీసాలో ఆల్కహాల్ దాదాపు 30 మిల్లీలీటర్లు, మామూలు 5 శాతం 650 సీసాలో ఉన్నంత. ముగ్గురు పంచుకోండి, బండి తియ్యొద్దు.

మార్కుల విషయానికొస్తే, బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలకి అర్హత ఇచ్చే సంస్థ) పద్ధతిలో 50కి వాసన 12, రూపం 3, రుచి 20, నోటి స్పర్శ 5, మొత్తం అభిప్రాయం 10. రూపానికి మూడే ఎందుకో ఆలోచించండి, ఫొటోలకే మార్కులు వేసేవాళ్లకి అది చేదు నిజం. అంకె పక్కనే సీసా మీది తేదీ, ఎన్ని డిగ్రీల దగ్గర తాగారు, వరుసలో ఎన్నోది అన్నవి రాయకపోతే 38 మార్కులకీ 42 మార్కులకీ తేడా చదివేవాళ్లకి తెలియదు.

నిల్వ చేద్దామనుకుంటే ముదురు ఏల్స్‌నే ఉంచండి, అదీ నిలబెట్టి, వెలుతురు లేని చోట, ఫ్రిజ్‌లోనే. ట్రిపెల్‌ని దాచడంలో లాభం లేదు. మన అటకల మీద ఏ బీరైనా ఒక వేసవి దాటితే అట్టపెట్టె రుచికే వస్తుంది.